బటన్ మీద ఉన్నది చెయ్యే

జూన్ 2, సోమవారం

మూడో లైను ఆవిడ చెయ్యి ప్రెస్సు కింద పడింది. రెండు వేళ్లు పోయాయి.

సాయంత్రం అక్క పని నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ ఈ ఒక్క ముక్క చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. చాలాసేపు కడుక్కుంది. నేను తలుపు దగ్గర నిలబడి "ఏ ప్రెస్సు?" అని అడిగాను. ఆవిడకి ఎలా ఉందని అడగాల్సింది. ఏ ప్రెస్సు అని అడిగాను.

"ఏదైతే ఏముందిరా, అన్నిటికీ మీ పెట్టెలేగా," అంది.

అవును. ముప్ఫై నాలుగు ప్రెస్సులకీ మా కంపెనీ కంట్రోల్ పెట్టెలే. అలా జరగదు. జరగదని నేను నిరూపించాను.

ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు. జరగదు.

జూన్ 3, మంగళవారం

కోపం వచ్చినప్పుడు మొదటినుంచి రాసుకోవడం నాకు అలవాటు. కాబట్టి మొదటినుంచి.

అక్క పనిచేసే ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు కొడతారు. రేకు అచ్చు మీద పెట్టాలి. తరవాత మీటరు ఎడంలో ఉన్న రెండు బటన్లనూ రెండు చేతులతో నొక్కాలి. ఒకటి నొక్కిన అర సెకనులోపు రెండోదీ నొక్కితేనే ప్రెస్సు దిగుతుంది. ఆలస్యమైతే దిగదు, రెండూ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు చేతులూ బటన్ల మీదే ఉంటాయి కనక అచ్చు లోపల చెయ్యి ఉండే ప్రసక్తి లేదు. ఇదంతా కనిపెట్టుకుని ఉండేది మా పెట్టె.

ఆ పెట్టెని నేను ఎనిమిది నెలలు కంప్యూటర్‌లో మోడల్‌గా కట్టాను. వృత్తాలు, వాటి మధ్య బాణాలు, బాణాల మీద గడియారాలు. మనిషి చెయ్యి ఎంత ఆలస్యంగా కదులుతుందో, నొక్కినప్పుడు బటన్ లోపలి రాగి రేకు ఎన్నిసార్లు అదురుతుందో ముందే చెప్పలేం, అలాంటి చోట్ల పాచికలు వేసినట్టు యాదృచ్ఛికం. పరీక్ష కొన్ని దారులే నడిచి చూస్తుంది. మోడల్ అన్ని దారులూ నడుస్తుంది. అన్నీ నడిచి వచ్చి అది చెప్పిన జవాబు: ప్రెస్సు దిగేటప్పుడు చెయ్యి లోపల ఉండే అవకాశం సున్నా. తక్కువ కాదు, సున్నా. ఆ కాగితం ప్రింటు తీసి నా బల్ల ముందు గోడకి అంటించుకున్నాను.

ఇవాళ ఫ్యాక్టరీ నోటీసు పెట్టింది. ఆవిడ ఎడమ బటన్‌ని రబ్బరు పట్టీతో కట్టేసి ఒక్క చేత్తో పనిచేసిందట. పట్టీ మెషీన్ మీదే దొరికిందట. పని నుంచి తొలగింపు. ఆవిడ ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉంది, నోటీసు మాత్రం గేటు మీద ఉంది.

మా మేనేజర్ ముఖంలో రంగు తిరిగి వచ్చింది. "పట్టీ దొరికిందటయ్యా. బతికిపోయాం. మన మోడల్ చెక్కు చెదరలేదు."

"ఆవిడ వేళ్లు చెదిరాయి సార్."

"వేళ్ల సంగతి ఫ్యాక్టరీ చూసుకుంటుంది. నువ్వు కూర్చో."

నేను కూర్చోలేదు. పక్క బల్ల దగ్గర పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. నా రిపోర్టు మీద రెండో సంతకం ఆయనది. నా సంచిలో ఎప్పుడూ నాలుగు కరపత్రాలుంటాయి కనక నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. "కరపత్రం, ఒకటి ఆలోచించు," అన్నారు చివరికి. "ఒక బటన్ ముందే కట్టేసి ఉంటే అర సెకను ఎప్పుడో దాటిపోయినట్టే కదా. ప్రెస్సు అసలు దిగకూడదు. మరెలా దిగింది?"

అదే. పట్టీ కడితే ప్రెస్సు దిగదు. దిగనిదానికి పట్టీ ఎవరు కడతారు? ఎవరూ కట్టరు. వేళ్లు పోయాక ఎవరో తెచ్చి పెట్టారు. ఎవరో కనుక్కోవడానికి మోడల్ అక్కర్లేదు.

మరి వేళ్లెలా పోయాయి అనేది రేపు ఆలోచిస్తాను.

జూన్ 4, బుధవారం

కరపత్రం రాశాను. మూడొందలు వేయించాను. "శ్రామికురాలి వేళ్లు తెంచి, ఆ తెగిన వేళ్లతోనే ఆమె వైపు చూపిస్తున్నారు. పట్టీ కట్టింది యాజమాన్యమే." మొదటి వాక్యం నాకు బాగా నచ్చింది. ఇలాంటప్పుడు వాక్యం నచ్చడం సిగ్గుచేటే గాని, నచ్చింది.

షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి పంచాను. అందరూ తీసుకున్నారు. మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఒక్కరూ చదువుతూ నడవలేదు. ఒక పొడుగాటి ఆవిడ మాత్రం "ఎండలో నిలబడకు బాబూ, తల తిరుగుతుంది" అంది. అక్క నా ముందునుంచే వెళ్లింది, కాగితం తీసుకోకుండా. ఇంట్లో ఒక తమ్ముడు, వీధిలో ఒక తమ్ముడు ఉన్నట్టు.

ఇంటికొచ్చాక ఆ కోపం ఇంకోచోట తీర్చుకున్నాను. అక్క ఎడమ చేతి నడిమి వేలికి పది రోజులుగా గుడ్డ చుట్టి ఉంది, తలుపు సందులో పడిందట. చిన్నపిల్లవా, చూసుకోవద్దా అని అరిచాను. తలుపు బందులకి నూనె కూడా వేశాను.

జూన్ 5, గురువారం

మరో రెండొందలు. ఎవరూ కళ్లలోకి చూడరు. అంతగా భయపెట్టి ఉంచారన్నమాట.

జూన్ 6, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అక్క వచ్చి నా కరపత్రం బల్ల మీద పెట్టింది. ఎవరిదో సంచిలోంచి తీసుకొచ్చినట్టుంది, నూనె మరకలున్నాయి.

"ఇది నువ్వేనా రాసింది?"

"నేనే."

"పట్టీ వాళ్లే పెట్టారని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? పట్టీ కడితే ప్రెస్సు దిగదు. దిగనిదానికి..."

"దిగుతుంది."

"దిగదక్కా. నీకు తెలియదు. లోపల గడియారం ఉంటుంది, అర సెకను..."

"దిగుతుందిరా. బిగించి కడితే దిగదు. కాస్త వదులుగా కట్టాలి. పక్క ప్రెస్సులు అదిరినప్పుడు ఆ బటన్ ఒక్క రవ్వ లేచి పడుతుంది. సరిగ్గా ఆ వేళకి కుడి బటన్ నొక్కితే దిగుతుంది. ఒక్కోసారి రెండో నొక్కుకి, ఒక్కోసారి నాలుగో నొక్కుకి. దాని ఇష్టం."

ఈ మాట ఏదో గ్యాస్ పొయ్యి వెలిగించడం నేర్పుతున్నట్టు చెప్పింది. బటన్ లేచి పడుతుంది. పెట్టెకి అది వదిలి మళ్లీ కొత్తగా నొక్కినట్టు కనిపిస్తుంది. నా మోడల్‌లో రాగి రేకు అదురు ఉంది. కాని అది చెయ్యి నొక్కినప్పుడే మొదలయ్యే అదురు. చెయ్యే లేని బటన్ ఊరికే అదరడం అందులో లేదు.

"ఎవరు కనిపెట్టారిది?"

"నేనే. మార్చిలో. తరవాత అందరికీ నేర్పాను. మూడో లైను వదినకి మొదటి పట్టీ నా చేత్తోనే కట్టిచ్చాను."

ఆ తరవాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఒకటి రాస్తాను, మర్చిపోకుండా ఉండటానికి. దొంగపని అన్నాను. మీకోసం నేను ఎండలో నిలబడి అరుస్తుంటే లోపల మీరు చేసేది దొంగపని అన్నాను.

అక్క విన్నది. అంతా అయ్యాక, "ఇంకేమన్నా అడుగుతావా?" అంది.

"ఏం మిగిల్చావని అడగను?"

కాసేపు నిలబడింది, ఏదో వస్తుందేమోనన్నట్టు. తరవాత కూరగాయలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

జూన్ 7, శనివారం

అక్క వండి పెట్టింది. మాటల్లేవు. నేను తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

జూన్ 9, సోమవారం

లేబ్‌కి అందరికన్నా ముందు వెళ్లి మోడల్ తెరిచాను. వెతకాల్సిన పనే లేకపోయింది. పై నుంచి నలభయ్యో పంక్తి. "బటన్ కిందికి ఉంటే చెయ్యి బటన్ మీద ఉంది." నేనే రాశాను. ఆ పంక్తి వల్ల చెయ్యికి వేరే వృత్తం అక్కర్లేకపోయింది. బటన్ ఎక్కడో చెయ్యి అక్కడ. సున్నా అక్కడినుంచి వచ్చింది. నేను నిరూపించినది కాదు అది, నేనే మొదట పెట్టినది.

పెద్దాయన వచ్చి నా వెనక నిలబడ్డారు. నేను ఆ పంక్తి మీద వేలు పెట్టి చూపించాను. ఆయన సొరుగులోంచి జనవరి నాటి కాగితం తీశారు. "చెయ్యి, బటన్ వేరుగా చూపితే మంచిది. బటన్ చెయ్యి లేకుండా కిందికి ఉండవచ్చు." ఆయన చేతిరాత. పక్కన నా చేతిరాత, ఎర్ర సిరాతో: "కార్మికుడు మోసం చేస్తాడన్న ఊహతో మొదలయ్యే లెక్క నా చేత్తో రాయను."

ఆ రోజు లేబ్ అంతా వినేలా అరిచాను కూడా. యజమాని కళ్లతో చూస్తున్నారు, మీకు మనిషి మీద నమ్మకం లేదు అన్నాను. ఆయన "అది నేరం మోపడం కాదు నాయనా, అలా జరగొచ్చు అనుకోవడం, అంతే" అన్నారు. నేను ఇంకా అరిచాను. ఆయన సంతకం పెట్టేశారు.

"ఎందుకు పెట్టారు సార్?"

"ముప్ఫై ఏళ్లుగా లేబ్‌లో ఎవడూ మనిషి కోసం అరవగా వినలేదు," అన్నారు. "వినడానికి బాగుంది. అందుకని పెట్టాను. తప్పే."

ఇద్దరం కలిసి ఆ పంక్తి తీసేసి చెయ్యికి విడిగా వృత్తాలు గీశాం. పక్క ప్రెస్సుల అదురుని పాచికగా పెట్టాం. పరీక్ష బల్ల మీద కూడా ఇదే తప్పు, ఇప్పుడు చూస్తే. అక్కడ రెండు ఇనప వేళ్లు పది లక్షల సార్లు బటన్లు నొక్కాయి, యాదృచ్ఛికమైన వ్యవధుల్లో. ప్రతిసారీ శుభ్రంగా నొక్కి శుభ్రంగా లేచాయి. ఇనప వేళ్లు పట్టీ కట్టవు.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. దారి కూడా గీసి చూపించింది. కుడి బటన్ నొక్కింది, ప్రెస్సు దిగలేదు. కుడి చెయ్యి ఊరికే బటన్ మీద ఆనించి ఉంచి, రేకు సర్దడానికి ఎడమ చెయ్యి లోపలికి పెట్టింది. అప్పుడు పక్క ప్రెస్సు పడింది. కట్టిన బటన్ లేచి పడింది, ఆనించిన చెయ్యి కింది బటన్ కూడా లేచి పడింది, రెండూ ఒకే అర సెకనులో. పెట్టె తన పని తాను చేసింది.

ఎంత అరుదు? ఇరవై లక్షల దెబ్బలకి ఒకసారి.

మేనేజర్ సంఖ్య చూసి నవ్వాడు. "ఇరవై లక్షల్లో ఒకటా. పిడుగు పడటంలాంటిదయ్యా. దీనికోసమా పొద్దుటినుంచి?" నిజం చెప్పాలంటే నాకూ గుండె కాస్త కుదుటపడింది. అరుదే కదా. ఆవిడ దురదృష్టం.

జూన్ 10, మంగళవారం

అక్కని ఒకే మాట అడిగాను. శుక్రవారం తరవాత మొదటి మాట. రోజుకి ఎన్ని దెబ్బలు కొడతావని.

"పద్ధెనిమిది వందలు. మంచి రోజైతే ఇంకో యాభై."

లెక్క ఇక్కడే వేస్తాను. ముప్ఫై నాలుగు ప్రెస్సులు, ఒక్కోదానికి పద్ధెనిమిది వందలు. రోజుకి అరవై ఒక్క వేల రెండొందలు. ఇరవై లక్షలు ముప్ఫై మూడు రోజుల్లో అయిపోతాయి.

ముప్ఫై మూడు రోజులకి ఒక చెయ్యి. పిడుగు కాదు, నెల జీతం పడినంత మామూలుగా.

కొత్త రేకు వచ్చి, పట్టీ కట్టడం మొదలై అరవై ఆరు పని దినాలైందని అక్కే చెప్పింది. అంటే రెండు ప్రమాదాలు జరిగి ఉండాలి. జరిగింది ఒకటే. మోడల్ రెట్టింపు ఎక్కువ చెబుతోంది, అదురు పాచికలో పొరపాటుంది, రేపు సరిచేయాలి.

పై వాక్యం రాసి తలెత్తాను. అక్క ఎదురుగా కూర్చుని బట్టలు మడత పెడుతోంది. నడిమి వేలు ఎత్తి పట్టుకుని మిగతా వేళ్లతో మడత పెడుతోంది.

మా ఇంట్లో తలుపులు రెండే. మొన్న రెండిటికీ నూనె వేశాను కదా. రెండూ చెక్క ఉబ్బి పూర్తిగా మూసుకోవు, వేలు నలిగే ప్రసక్తే లేదు.

"అక్కా, ఏ తలుపు?"

"ఏంటి ఏ తలుపు?"

"వేలు పడింది ఏ తలుపులో?"

ఆమె మడత ఆపలేదు. చొక్కా మడిచింది, తువ్వాలు మడిచింది. తరవాత గుడ్డ విప్పి చెయ్యి నా డైరీ పక్కన పెట్టింది. గోరు లేదు. గోరుతోపాటు వేలి చివర శనగగింజంత లేదు.

"మే ఇరవై మూడు," అంది. "చెబితే పట్టీ సంగతి బయటపడుతుంది. పట్టీ బయటపడితే వదినకైనట్టే అవుతుంది. నీకు చెబితే నువ్వు గేటు దగ్గర నిలబడతావు."

మోడల్‌లో పొరపాటు లేదు.

జూన్ 11, బుధవారం

రేపు ఫ్యాక్టరీలో విచారణ. ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు. మా కంపెనీ పాత రిపోర్టు ఇస్తుందట, సున్నా ఉన్నది. కొత్తది ఇస్తానని మేనేజర్‌తో చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. తలుపు వేసి కుర్చీ చూపించాడు.

"ఇవ్వు. నేను ఆపను. కాని అందులో ఏం రాశావో నీకు తెలుసా? ఫ్యాక్టరీలో బటన్లు కడుతున్నారు, ఒకరు కాదు, అందరూ అని రాశావు. నీ లెక్క నిలబడాలంటే అందరూ కట్టాలి కదా. రేపు వాళ్లు ఆ కాగితమే పట్టుకుని ముప్ఫై నలుగురినీ పంపేస్తారు. నీ అక్కతో సహా. ఇప్పుడు చెప్పు, కార్మికుల పక్షాన ఎవరున్నారు, నువ్వా నేనా?"

చదివిన కరపత్రాల్లో యజమాని ఎప్పుడూ అబద్ధమే చెబుతాడు. వాడు నిజం చెబితే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. పాత కాగితం నిలబడితే ప్రెస్సులు నడుస్తాయి, వదిన నేరస్తురాలిగా మిగులుతుంది. కొత్తది ఇస్తే ప్రెస్సులు ఆగుతాయి, మీ ఉద్యోగాలు పోవచ్చు.

"ముప్ఫై మూడు రోజులన్నావే. అంటే ముప్ఫై మూడో రోజునా?"

"కాదు. రేపైనా కావచ్చు. మూడు నెలలు కాకపోనూ వచ్చు."

"మరి రేపు పొద్దున నేను పనికి పోవాలిగా."

"వెళ్లకు."

"నేను వెళ్లకపోతే నా ప్రెస్సు ఖాళీగా ఉంటుందనుకున్నావా? ఇంకొకరు నిలబడతారు."

చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. తరవాత "ఇవ్వు," అంది. "ఎవరి పేర్లూ రాయకు. కట్టిన మనిషి ఒక్కరన్నా కనపడాలి అంటారు కదా, నేనే కనపడతాను."

"ఉద్యోగం పోతుందక్కా."

"అరిచేవాడివి అరవకుండా కూర్చుంటే భయమేస్తోందిరా. వెళ్లి స్నానం చెయ్."

జూన్ 12, గురువారం

ఇన్‌స్పెక్టర్ మా అమ్మ ఉండి ఉంటే ఆ వయసుండే ఆవిడ. ప్రతి మాటా తనే రాసుకుంటుంది. ఫ్యాక్టరీ తరఫున ఒక ప్లీడరు. మా వైపు నేను, పెద్దాయన. పెద్దాయన్ని ఎవరూ పిలవలేదు, ఇస్త్రీ చొక్కా వేసుకుని తనే వచ్చారు.

ప్లీడరు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టాడు. "రెండూ నీ సంతకాలే. ఒకదాంట్లో సున్నా. ఇంకోదాంట్లో ముప్ఫై మూడు రోజులకొకటి. ఏది అబద్ధం బాబూ?"

"రెండూ సరైన లెక్కలే. మొదటిది లేని మనుషుల గురించి."

"అంటే?"

"బటన్ కిందికి ఉంటే చెయ్యి అక్కడే ఉందని రాశాను. ఎవరినీ అడక్కుండా రాశాను."

"నేను చూసి, తప్పని తెలిసే సంతకం పెట్టాను. అది కూడా రాసుకోండమ్మా," అన్నారు పెద్దాయన. ఇన్‌స్పెక్టర్ రాసుకుంది.

అప్పుడు అక్క లోపలికి వచ్చింది. పని మధ్యలోంచి వచ్చింది, మోచేతుల దాకా నూనె. నిలబడే మాట్లాడింది. పట్టీ కట్టాననీ, కట్టడం కనిపెట్టింది తనేననీ, మే ఇరవై మూడున వేలు పోయిందనీ చెప్పింది. వేలు చూపించింది.

ప్లీడరుకి పండగలా ఉంది. "పని తొందరగా తెమిలి కబుర్లు చెప్పుకోవచ్చనా అమ్మా కట్టింది?"

"తొందర ఎక్కడిదండీ. పట్టీ కడితే ఆలస్యమే. ఒక్కోసారి నాలుగుసార్లు నొక్కాలి."

"మరెందుకు కట్టావు?" ఈసారి అడిగింది ఇన్‌స్పెక్టర్.

"మార్చిలో కొత్త రేకు వచ్చిందండీ. పలచన. నూనె పూసి వస్తుంది. చెయ్యి తీస్తే అచ్చు మీంచి జారుతుంది. జారితే మూత వంకర, వంకర మూతకి మాట పడాలి. ఒక చెయ్యి బయటినుంచి రేకు అంచు పట్టుకుని ఉండాలి. రెండు చేతులు బటన్ల మీద ఉండాలి. మూడోది మాకెక్కడిదండీ?"

ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది.

ఎనిమిది నెలలు. వృత్తాలు, బాణాలు, గడియారాలు. నేను ఆ రేకుని ఒక్కసారి చేత్తో పట్టుకోలేదు. శుక్రవారం అక్క నిలబడి ఇంకేమన్నా అడుగుతావా అన్నప్పుడు అడగాల్సింది ఈ ఒక్క మాటే, ఎందుకు కట్టారని. శ్రామికుడు మోసం చెయ్యడని ఆమె తరఫున ఊరంతా చాటినవాణ్ణి, ఆమెనే ఆ ప్రశ్న అడగలేదు.

ఇన్‌స్పెక్టర్ లేచి "పదండి, చూద్దాం" అంది. అందరం లోపలికి వెళ్లాం. ఆవిడే స్వయంగా రేకు అచ్చు మీద పెట్టి చెయ్యి తీసింది. రేకు మెల్లగా, ఏ తొందరా లేకుండా, జారి అంచు దగ్గర ఆగింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. మూడోసారి ప్లీడరుని పెట్టమంది. అతను పెట్టాడు. జారింది. అతని చేతులకి నూనె అంటింది, తుడుచుకోవడానికి ఏమీ దొరక్క చేతులు దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు రాసింది. పెట్టెలు మార్చేదాకా, రేకు పట్టుకునే బిగింపు పెట్టేదాకా ముప్ఫై నాలుగు ప్రెస్సులూ ఆపాలి. మూడో లైను ఆవిడ తొలగింపు చెల్లదు. బటన్ కట్టిన కారణంగా ఎవరినీ తీయకూడదు.

ప్రెస్సులు ఒక్కొక్కటే ఆగాయి. చివరిది ఆగాక ఆ నిశ్శబ్దంలో నా చెవులు గుయ్యిమన్నాయి. ఆడవాళ్లందరూ తమ తమ ప్రెస్సుల దగ్గరే నిలబడి ఉన్నారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

జూన్ 13, శుక్రవారం

అక్కకి తొలగింపు కాగితం వచ్చింది. కట్టినందుకు కాదు, "ఇతరులకు నేర్పినందుకు." ఆ మాట ఇన్‌స్పెక్టర్ రాసినదాంట్లో లేదు కదా.

నాకు ఏమీ రాలేదు. సంతకం నాది. నాకు ఏమీ రాలేదు.

జూన్ 15, ఆదివారం

నిన్న వదిన వచ్చింది, చేతికి కట్టుతో. అక్కా తనూ పక్కపక్కన కూర్చుని అక్క తొలగింపు మీద అప్పీలు రాయించుకున్నారు నాచేత. నేను "శ్రామికవర్గ" అని మొదలుపెట్టగానే వదిన "అయ్యా, మా పేర్లు ముందు రాయి" అంది. రాశాను.

ఇవాళ మధ్యాహ్నం అక్క నా పక్కన వచ్చి కూర్చుంది. "ఏదీ, నీ బొమ్మ చూపించు," అంది. ఇన్నేళ్లలో నేను చేసే పని చూపించమనడం ఇదే మొదలు.

మోడల్ తెరిచి చూపించాను. ఇది పెట్టె, ఇది కుడి బటన్, ఇది కట్టిన బటన్, ఇది చెయ్యి.

"ఇది నేనా?"

"నువ్వే. చెయ్యి లోపల ఉంటే ఇక్కడ, తీస్తే ఇక్కడికి వస్తావు."

"తియ్యడానికి ఎంతసేపు పెట్టావు?"

"సెకనులో మూడో వంతు నుంచి సగం దాకా. ఎప్పుడెంతో పాచికే చెబుతుంది."

అక్క తెర దగ్గరికి వంగి ఆ వృత్తాన్ని చాలాసేపు చూసింది. "మరి ఈవిడ పొద్దున తీసినంత చురుగ్గానే సాయంత్రం కూడా తీస్తుందే," అంది. "ఈవిడకి నడుము లాగదా?"

నా మోడల్‌లో గడియారాలు ఏడున్నాయి. ఏడూ క్షణాలు లెక్కపెట్టేవే. షిఫ్టు మొదలై ఎన్ని గంటలైందో చెప్పే గడియారం ఒక్కటీ లేదు. అందులో మనిషి ఎప్పుడూ మొదటి గంటలోనే ఉంటుంది.

అక్క ఎలా చెబితే అలా రాశాను. ఆరో గంట నుంచి చెయ్యి మెల్లబడుతుంది. ఏడో గంట నుంచి రేకు సర్దడానికి ఒకసారి కాదు, రెండుసార్లు లోపలికి వెళుతుంది. ఎనిమిదో గంటలో కుడి చెయ్యి బటన్ మీద నొక్కి ఉండదు, ఊరికే వాలి ఉంటుంది. ఆమె బల్ల మీద చేసి చూపిస్తుంటే నేను ఫోనులో గడియారం పెట్టి కొలిచాను. అరగంటకి జవాబు వచ్చింది.

అరవై ఆరు రోజులకి రెండు కాదు. ఐదు.

పైకి చదవలేదు. గురువారం ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మీకేమైనా జరిగిందా అని అడిగింది. అందరూ లేదన్నారు. ఆవిడ రాసుకుంది. దెబ్బ తిన్నవారు ఇద్దరే అని కాగితం మీద ఉంది.

"అక్కా," అన్నాను. "నువ్వూ, వదినా కాక..."

నా ముఖం వంక చూసింది. తెర మీద అంకె వంక చూసింది. అది చదవడానికి చదువు అక్కర్లేదు. తరవాత చూపు పక్కకి తిప్పుకుని, కుడి చేతి బొటనవేలితో అదే చేతి వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి, పేర్లు పైకి రావడం లేదు. ఒకటి, రెండు. ఒక దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపి, కాదు అవును అనుకున్నట్టు మళ్లీ మొదలుపెట్టింది. నాలుగు. ఐదు. బొటనవేలు ఆగుతుందని చూస్తున్నాను. ఆగలేదు.

"మాతో కలిపి ఏడు," అంది. "పేర్లు నన్ను అడగకు. వాళ్లని నేను అడిగి వస్తాను."

చెప్పులేసుకుని వెళ్లింది.

ఐదు రావాల్సిన చోట ఏడు రావడం యాదృచ్ఛికంలో మామూలే అని రాయబోయాను. రాయలేదు. ఆమె వెళ్లి గంటవుతోంది.